మొత్తంలో దాక్కున్న 22: హాస్టల్, డే స్కాలర్ల ఒత్తిడిపై ఒక పీజీ ప్రాజెక్టు, లెక్కల వైపు నుంచి

పీజీ సైకాలజీ చివరి సెమిస్టరు ప్రాజెక్టు. అనంతపురంలో డిగ్రీ చదివే పిల్లల్లో హాస్టల్లో ఉండేవాళ్లకూ, రాప్తాడు, ధర్మవరం, తాడిపత్రి, గుత్తి వైపు నుంచి రోజూ వచ్చిపోయే డే స్కాలర్లకూ ఒత్తిడిలో తేడా ఉందా అన్నది అంశం. విద్యార్థిని తెచ్చిన ముసాయిదాలో ఫలితం ఒక్క ముక్కలో ఉంది: "రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు." కింద ఒక టేబుల్, పక్కన ఒక బార్ గ్రాఫ్. ఇలాంటప్పుడు గైడు ముందుగా అడగాల్సింది టేబుల్ గురించి కాదు, పిల్లలు నింపిచ్చిన కాగితాల కట్ట. ఈ కేసులో తేలినవన్నీ ఆ కట్ట విప్పాక తేలినవే.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది ఫలానా కాలేజీ ఫలానా విద్యార్థిది అని చెప్పే కేసు కాదు. ప్రాజెక్టుల్లో మళ్లీ మళ్లీ కనిపించే తప్పులను ఒకే ఫైలులోకి చేర్చి రాసినది. అంకెలు కూడా చేత్తో లెక్క కట్టుకునేలా గుంపుకు పదిమంది చొప్పున కూర్చినవి. హాస్టల్ పిల్లల ఒత్తిడి ఇంత అని ఎక్కడా ఉటంకించడానికి పనికిరావు. కాగితం, పెన్ను, ఒక క్యాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని చదివితేనే ఉపయోగం.

వాడిన స్కేలు

పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్, 10 అంశాల రూపం. షెల్డన్ కోహెన్, ఆయన సహచరులు 1983లో మొదటి రూపాన్ని ప్రచురించారు. గడిచిన నెల రోజుల్లో మనసుకు ఎలా అనిపించిందో అడుగుతుంది. జవాబులు 0 నుంచి 4 దాకా: ఎప్పుడూ లేదు, దాదాపు లేదు, అప్పుడప్పుడు, తరచూ, చాలా తరచూ. మొత్తం 0 నుంచి 40. ఎక్కువ వస్తే ఎక్కువ ఒత్తిడి.

రెండు సంగతులు ఇక్కడే గుర్తు పెట్టుకోవాలి. మొదటిది, 4, 5, 7, 8 అంశాలు తిరగేసి అడిగినవి. అంటే "పనులు నా చేతిలో ఉన్నాయి, నేను నెట్టుకురాగలను" అన్న తీరువి. వీటికి 4 పెట్టినవాళ్లకు ఒత్తిడి తక్కువ. రెండోది తెలుగు చేయడం. 8వ అంశంలో ఇంగ్లిష్ నుడికారం ఒకటి ఉంది. మక్కీకి మక్కీ దించితే "వస్తువుల మీద ఉన్నట్టు అనిపించిందా" లాంటి వాక్యం తయారవుతుంది. హాస్టల్ కుర్రాడు అది చదివి అర్థం కాక నడిమి గడిలో 2 పెట్టేస్తాడు. "పనులన్నీ మీ అదుపులో ఉన్నట్టు అనిపించిందా" అని అడిగితే జవాబు వస్తుంది. ఒకరు తెలుగు చేసి, ఇంగ్లిష్ మూలం చూడని ఇంకొకరు దాన్ని మళ్లీ ఇంగ్లిష్‌లోకి తెచ్చి, రెండూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఫారాలు జిరాక్సు తీయించకూడదు. ఈ పని రెండు రోజులు. ఎగ్గొడితే ఆ తర్వాత ఏ ఫార్ములా కాపాడదు.

కాగితం నుంచి షీటుకు

20 కాగితాలు, పదేసి అంశాలు, మొత్తం 200 గడులు. ముసాయిదాలో టేబుల్ ఉంది కానీ, ఆ 200 గడులను ఎవరూ కాగితాలతో సరిచూసుకోలేదు. చేయాల్సింది చాలా మామూలు పని. ప్రతి కాగితం మీద ఒక వరుస సంఖ్య వేయాలి, అదే సంఖ్య ఎక్సెల్‌లో మొదటి నిలువు వరుసలో ఉండాలి. ప్రతి అంశం నిలువు వరుస కింద మూడు ఫార్ములాలు రాయాలి: మిన్, మ్యాక్స్, కౌంట్. మిన్ 0 కంటే తగ్గకూడదు, మ్యాక్స్ 4 దాటకూడదు, కౌంట్ 20 ఉండాలి.

6వ అంశం కింద మ్యాక్స్ 22 అని వచ్చింది.

కాగితం తీసి చూస్తే అక్కడ 2. కీ రెండుసార్లు పడింది. ఇది అంకెల మొత్తంలో కనిపించదు, అదే దీని ప్రమాదం. ఆ డే స్కాలర్ అసలు స్కోరు 19. రెండుకు బదులు ఇరవై రెండు పడితే 39. స్కేలు గరిష్ఠం 40 కాబట్టి మొత్తాల నిలువు వరుస చూసినవాళ్లకు "పాపం, ఈ పిల్లకు ఒత్తిడి చాలా ఎక్కువ" అనిపిస్తుందే తప్ప తప్పు అని తోచదు. అందుకే హద్దులు మొత్తంలో కాదు, అంశం అంశంలో చూడాలి.

ఖాళీ గడుల గురించి కూడా. ఒక అంశానికి జవాబు రాయకపోతే ఆ గడి ఖాళీగానే వదలాలి. చాలామంది 0 కొడతారు. ఈ స్కేలులో 0 అంటే "ఎప్పుడూ లేదు" అనే జవాబు. జవాబు లేకపోవడం వేరు, లేదు అని జవాబివ్వడం వేరు. కొందరు 99 కొడతారు. ఆ అంకె ఖాళీకి గుర్తు అని సాఫ్ట్‌వేర్‌కు చెప్పకపోతే అది కూడా మార్కుల్లో కలిసిపోతుంది.

తిరగేయని నాలుగు అంశాలు

22 దిద్దాక రెండో తప్పు బయటపడింది. 4, 5, 7, 8 అంశాలను తిరగేయకుండానే మొత్తం కట్టారు. దీని దెబ్బ ఎంతో తెలియాలంటే రెండు కాగితాలు దగ్గరగా చూడాలి.

హాస్టల్ విద్యార్థి ఒకరు: నేరు అంశాలు ఆరింటికి (1, 2, 3, 6, 9, 10) వరసగా 3, 2, 3, 2, 3, 2. కూడితే 15. తిరగేసిన అంశాలకు (4, 5, 7, 8) 1, 2, 2, 1. అంకెలు ఉన్నవి ఉన్నట్టు కలిపితే 6, మొత్తం 21. 4 నుంచి తీసివేసి కలిపితే 3, 2, 2, 3, అంటే 10. అసలు మొత్తం 25.

డే స్కాలర్ ఒకరు: నేరు అంశాలకు 1, 1, 2, 1, 1, 1. కూడితే 7. తిరగేసినవాటికి 3, 3, 2, 3. ఉన్నవి ఉన్నట్టు కలిపితే 11, మొత్తం 18. తిరగేస్తే 1, 1, 2, 1, అంటే 5. అసలు మొత్తం 12.

ఇద్దరి మధ్య అసలు దూరం 13. తిరగేయకపోతే 3. ఒత్తిడి ఎక్కువున్న పిల్లవాడు నేరు అంశాల్లో పెద్ద అంకె, తిరగేసినవాటిలో చిన్న అంకె పెడతాడు. ఒత్తిడి తక్కువున్నవాడు సరిగ్గా దానికి ఎదురు చేస్తాడు. తిరగేయకుండా కలిపితే ఒకటి పెంచినదాన్ని ఇంకొకటి తగ్గిస్తుంది, అందరూ నడిమికి వచ్చి కూర్చుంటారు. తేడా కోసం వెతికే ప్రాజెక్టులో తేడాను చేజేతులా చెరిపేసినట్టే.

దీన్ని పట్టించే అంకె క్రోన్‌బాక్ ఆల్ఫా, 1951 నుంచి వాడుకలో ఉన్న విశ్వసనీయత కొలత. ఫార్ములా మాటల్లో (విస్తృతి అంటే వేరియన్స్, అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత): అంశాల సంఖ్యను దానికి ఒకటి తక్కువతో భాగించి, దాన్ని "1 నుంచి, అంశాల విస్తృతుల మొత్తం బై మొత్తం స్కోరు విస్తృతి తీసివేయగా వచ్చినది"తో హెచ్చించాలి. మన ఫైలులో అంశాల విస్తృతుల మొత్తం 5.8. తిరగేసిన తర్వాత 20 మంది మొత్తం స్కోర్ల విస్తృతి 18.1. కనుక ఆల్ఫా 10/9 × (1 − 5.8/18.1), అంటే 0.76. తిరగేయనప్పుడు మొత్తం స్కోర్ల విస్తృతి 5.0కు పడిపోయింది, ఆల్ఫా 10/9 × (1 − 5.8/5.0), అంటే −0.18.

ఇక్కడ పిల్లలు సాధారణంగా గమనించని చక్కని సంగతి ఒకటుంది. 4 నుంచి తీసివేసినా ఒక్కో అంశం విస్తృతి మారదు, ఎందుకంటే అంకెల మధ్య దూరాలు అవే. అందుకే 5.8 రెండు చోట్లా 5.8గానే ఉంది. మారింది మొత్తం విస్తృతి మాత్రమే. అంశాలన్నీ ఒకే వైపు లాగుతున్నాయా, ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటున్నాయా అన్నది అక్కడే తెలుస్తుంది. ఆల్ఫా మైనస్ వచ్చిందంటే "స్కేలు మన ప్రాంతానికి సరిపోలేదు" అని చర్చలో ఒక పేజీ రాసేయకండి. ముందు స్కోరింగు చూడండి.

తిరగేయడం ఎలా చేయాలన్నది కూడా నేర్చుకోవాల్సిందే. సూత్రం: కనిష్ఠం కలుపు గరిష్ఠం, అందులోంచి జవాబు తీసివేయాలి. 0–4 స్కేలులో 4 నుంచి, 1–5 స్కేలులో 6 నుంచి. పాత నిలువు వరుస మీదే దిద్దకుండా, పక్కన కొత్త నిలువు వరుసలో రాయాలి, పేరు చివర "తి" అనో ఇంకేదో గుర్తు పెట్టాలి. పాతదాని మీదే దిద్దితే వారం తర్వాత తిరగేశామా లేదా అన్న అనుమానం వస్తుంది, ఇంకోసారి తిరగేస్తారు, రెండుసార్లు తిరగేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

శుభ్రం చేసిన అంకెలు

హాస్టల్: 24, 19, 27, 22, 16, 25, 21, 28, 18, 20.
డే స్కాలర్: 17, 21, 14, 23, 19, 12, 20, 18, 22, 14.

హాస్టల్ మొత్తం 220, సగటు 22. డే స్కాలర్ల మొత్తం 180, సగటు 18. మధ్యగతాలు (వరసగా పేర్చితే నడిమికి వచ్చే విలువలు) 21.5, 18.5. తేడా సగటుల్లో 4, మధ్యగతాల్లో 3.

ప్రామాణిక విచలనం (స్టాండర్డ్ డీవియేషన్, అంటే విస్తృతికి వర్గమూలం) ఒక్కసారైనా చేత్తో కట్టాలి. హాస్టల్ గుంపులో ఒక్కొక్క స్కోరు నుంచి 22 తీసివేస్తే: 2, −3, 5, 0, −6, 3, −1, 6, −4, −2. ఇవన్నీ కూడితే సున్నా. ఎప్పుడైనా సున్నానే. సగటు అంటేనే అది. వాటి వర్గాలు 4, 9, 25, 0, 36, 9, 1, 36, 16, 4, మొత్తం 140. దీన్ని 10తో కాక 9తో భాగిస్తాం: 15.56. వర్గమూలం 3.94. డే స్కాలర్లకు అలాగే వర్గాల మొత్తం 124, విస్తృతి 13.78, విచలనం 3.71.

9 ఎందుకు? పది విచలనాలు కూడితే సున్నా కావాలన్న షరతు ఉంది కాబట్టి తొమ్మిది తెలిస్తే పదోది దానంతటదే తేలిపోతుంది, దానికి స్వేచ్ఛ లేదు. పైగా మనం కొలిచిన దూరాలు ఆ పదిమంది సొంత సగటు నుంచి. వాళ్ల వెనకున్న అసలు జనాభా సగటు నుంచి కొలిస్తే దూరాల వర్గాల మొత్తం 140 కంటే తగ్గే వీలే లేదు. ఆ తక్కువ అంచనాను సరిదిద్దడానికే 9. ఎక్సెల్‌లో విచలనానికి రెండు ఫార్ములాలు ఉన్నాయి, పేర్ల చివర ఒకదానికి ఎస్, ఇంకొకదానికి పీ. శాంపిల్‌కు ఎస్. పీ వాడితే హాస్టల్ విచలనం 3.94 బదులు 3.74 వస్తుంది. పదిమందిలో ఈ తేడా కనబడుతుంది, మూడొందల మందిలో కనబడదు. అయినా తప్పు తప్పే.

ఇప్పుడు ఆ 22ను దిద్దకుండా వదిలేసి ఉంటే ఏమయ్యేదో చూడండి. డే స్కాలర్లలో 19 స్థానంలో 39. మొత్తం 200, సగటు 20. సగటు రెండు మార్కులు జరిగింది. మధ్యగతం 18.5 నుంచి 19కి, అర మార్కే జరిగింది. విచలనం 3.71 నుంచి 7.63కి, రెట్టింపు దాటింది. ఎందుకంటే విచలనంలో దూరాలను వర్గం చేస్తాం. 39కి, సగటు 20కి దూరం 19, దాని వర్గం 361. గుంపు మొత్తం వర్గాలు 524 అయితే అందులో 361 ఒక్క గడిదే. సగటు, మధ్యగతం ఎడంగా జరిగినా, ఒక గుంపు విచలనం ఇంకొకదానికి రెట్టింపున్నా, టెస్ట్ వేయడానికి ముందు కాగితాలు తీయాల్సిందే.

టీ పరీక్ష

రెండు గుంపుల్లో ఉన్నది వేర్వేరు మనుషులు కాబట్టి, రెండు సగటులను పోల్చే ఇండిపెండెంట్ టీ పరీక్ష. దీనికి మూలమైన పద్ధతిని 1908లో డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసే విలియం గాసెట్ "స్టూడెంట్" అన్న కలం పేరుతో ప్రచురించాడు. కొద్దిపాటి శాంపిళ్లతో తేల్చుకోవాల్సిన అవసరం ఆ కంపెనీది. పదేసి మందితో కూర్చున్న మన అవసరం కూడా అదే.

లెక్క: రెండు గుంపుల వర్గాల మొత్తం 140 + 124 = 264. దీన్ని 18తో (9 + 9) భాగిస్తే ఉమ్మడి విస్తృతి 14.67, దాని వర్గమూలం 3.83. సగటుల తేడాకు ప్రామాణిక దోషం (శాంపిల్ మారితే ఆ తేడా ఎంత ఊగుతుందో చెప్పే అంచనా): 14.67 × (1/10 + 1/10) వర్గమూలం, అంటే 1.71. టీ = 4/1.71 = 2.34. స్వతంత్ర కోటి (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, పైన చెప్పిన 9 + 9) 18కి, రెండు కొసలకూ కలిపి 0.05 దగ్గర పట్టికలో విలువ 2.101. మనది దాటింది. పీ విలువ 0.031.

39 ఉంచిన ఫైలులో ఇదే లెక్క: తేడా 2, ప్రామాణిక దోషం 2.72, టీ 0.74, పీ విలువ 0.47. ఒక్క కీ రెండుసార్లు పడినందుకు తేడా సగమైంది, దోషం ఒకటిన్నర రెట్లయింది. విచలనాలు రెండు గుంపుల్లో సమానమో కాదో అన్న అనుమానం ఉంటే వెల్చ్ రూపం వాడాలి. శుభ్రం చేసిన మన అంకెల్లో రెండు గుంపుల్లోనూ సమాన సంఖ్య ఉంది కాబట్టి టీ అదే వస్తుంది, స్వతంత్ర కోటి మాత్రం 17.9. జాస్ప్, జమోవి అనే గణాంక సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితం, రెండింటిలోనూ ఒక్క టిక్కుతో వస్తుంది. మొదటి నుంచీ వెల్చ్ వాడటమే మేలు.

వైవాలో ఎప్పుడూ తడబడే చోటు పీ విలువ అర్థం.

"ఏమ్మా, 0.031 అంటే ఏంటి?"
"తేడా లేకుండా ఉండే అవకాశం 3 శాతం అని సార్."

కాదు. రెండు జనాభాల సగటుల్లో నిజంగా తేడా లేదని, పరీక్ష షరతులన్నీ సరిపోయాయని ముందు అనుకుంటాం. అలా అనుకున్న లోకంలో, ఇంత టీ గానీ ఇంతకంటే దూరం గానీ ఏ వైపైనా వచ్చే సంభావ్యత 0.031. తేడా లేదన్నది అక్కడ మనం ముందే పెట్టుకున్న షరతు. ఆ షరతు నిజమయ్యే అవకాశాన్ని ఆ లెక్కే చెప్పలేదు. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో దీని మీద ప్రత్యేకంగా ప్రకటన ఇవ్వాల్సి వచ్చిందంటే ఈ తడబాటు మన పిల్లలకే పరిమితం కాదని తెలుసుకోవాలి. 0.05 గీత కూడా ప్రకృతి గీసినది కాదు. 1925 నాటి ఫిషర్ రాతల నుంచి స్థిరపడిన వాడుక.

ఇంకో పరీక్ష వేస్తే

ఒక్కొక్క అంశం జవాబు క్రమ స్థాయిది, అంటే ఏది ఎక్కువో చెబుతుంది కానీ ఎంత ఎక్కువో చెప్పదు. "తరచూ"కీ "చాలా తరచూ"కీ ఉన్న దూరం, "దాదాపు లేదు"కీ "అప్పుడప్పుడు"కీ ఉన్న దూరం ఒకటేనని ఎవరూ హామీ ఇవ్వలేరు. 1946లో స్టీవెన్స్ కొలతకు నాలుగు స్థాయులు చెప్పినప్పటి నుంచి నడుస్తున్న వాదం ఇది. పది అంశాలు కూడిన మొత్తాన్ని అంతర స్థాయిగా, అంటే మార్కుల మధ్య దూరాలన్నీ సమానమన్నట్టుగా చూడటం మన రంగంలో అలవాటు. ఒప్పుకోనివాళ్లు ర్యాంకుల మీద నడిచే మాన్–విట్నీ పరీక్ష వేస్తారు.

వేసి చూద్దాం. ఒక్కొక్క డే స్కాలర్ ఎంతమంది హాస్టల్ పిల్లలను దాటాడో లెక్కపెట్టాలి, సమానమైతే అర. 12, 14, 14 ఎవరినీ దాటలేదు. 17 ఒకరిని, 18 ఒకటిన్నర, 19 రెండున్నర, 20 మూడున్నర, 21 నాలుగున్నర, 22 ఐదున్నర, 23 ఆరుగురిని. మొత్తం 24.5, ఇదే యూ విలువ. పదీ పదికి పట్టికలో 0.05 దగ్గర విలువ 23. యూ విలువ 23 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటేనే గీత దాటినట్టు. దాటలేదు.

టీ పరీక్షలో తేడా ఉంది, మాన్–విట్నీలో లేదు. ప్రాజెక్టు నైతికత నిజంగా పరీక్షకు నిలిచేది ఈ చోటే. రెండూ వేసి, నచ్చినదాన్ని రిపోర్టులో పెట్టి, రెండోదాన్ని మింగేస్తే 0.05 అన్న మాటకు అర్థం పోతుంది. ఏ పరీక్ష వేస్తామో ఫారాలు పంచకముందే సినాప్సిస్‌లో (ప్రాజెక్టు మొదట్లో ఇచ్చే ప్రతిపాదనలో) రాసి ఉండాలి. ఈ విద్యార్థిని సినాప్సిస్‌లో టీ పరీక్ష అని ఉంది కాబట్టి అదే ప్రధాన ఫలితం. రెండోదాన్ని కూడా చూపించి, రెండూ ఒకే మాట చెప్పలేదని రాయాలి. 20 మందితో తేల్చబోయిన ప్రశ్నకు జవాబు ఇలా గీతకు అటూ ఇటూ ఊగడం సహజం.

ఆ ఊగుడు ఎంతో చెప్పేది విశ్వాస అవధి. 4 ± 2.101 × 1.71, అంటే 0.4 నుంచి 7.6 దాకా. ఇదే పద్ధతిలో మళ్లీ మళ్లీ శాంపిళ్లు తీస్తే, ఇలా కట్టిన అవధుల్లో నూటికి దాదాపు 95 అసలు తేడాను పట్టుకుంటాయి. మనది ఆ 95లో ఒకటైతే, అసలు తేడా అర మార్కు లోపే కావచ్చు, ఏడున్నర కావచ్చు. 40 మార్కుల స్కేలులో అర మార్కు అంటే ఎవరి జీవితంలోనూ తెలియని తేడా. ఏడున్నర అంటే హాస్టల్ వార్డెన్ పట్టించుకోవాల్సిన తేడా. ఫలితం ఈ రెండింటినీ వేరు చేయలేకపోయింది.

ఎఫెక్ట్ సైజు, అంటే తేడా ఉమ్మడి విచలనానికి ఎన్ని రెట్లో: 4/3.83 = 1.04. చిన్న శాంపిల్ సవరణ చేస్తే 1.00. ఇది జాకబ్ కోహెన్ డీ. స్కేలు రాసిన షెల్డన్ కోహెన్ వేరే మనిషి, వైవాలో ఇద్దరినీ ఒకటి చేయకండి. 0.2 చిన్నది, 0.5 మధ్యస్థం, 0.8 పెద్దది అన్న వాడుక ప్రకారం 1.00 చాలా పెద్దది. సంబరపడకముందు ఇంకో లెక్క చేయాలి. గుంపుకు పదిమంది ఉన్నప్పుడు టీ 2.101 దాటాలంటే డీ కనీసం 0.94 ఉండాలి. అంటే ఇంత చిన్న శాంపిల్‌తో 0.05 గీత దాటిన ఏ ఫలితమైనా పెద్దదిగానే కనిపిస్తుంది. అసలు డీ 0.4 అయినా సరే, దాటినప్పుడు 0.94 పైనే చూపిస్తుంది. జల్లెడ కన్ను పెద్దదైతే పైన మిగిలేవన్నీ పెద్ద గింజలే. చేనులో పండినవన్నీ అంత గింజలేనని దానివల్ల అనుకోకూడదు.

బార్ గ్రాఫ్ గురించి క్లుప్తంగా: నిలువు గీత 16 దగ్గర మొదలైంది, దాన్ని అలాగే ఉంచి శుభ్రం చేసిన సగటులు గీస్తే 22 స్తంభం 18 స్తంభానికి మూడింతలు కనిపిస్తుంది. స్తంభాలు గీస్తే 0 నుంచి గీయాలి. పైన పెట్టిన చిన్న గీతలు విచలనమా, ప్రామాణిక దోషమా, అవధా అన్నది కింద రాయలేదు. హాస్టల్ విచలనం 3.94, ప్రామాణిక దోషం 1.25. ఏది గీశామో చెప్పకపోతే చదివేవాడు మోసపోతాడు. 20 మందే కాబట్టి 20 చుక్కలూ పెడితే స్తంభాల అవసరమే లేదు.

తేదీలు

కాగితాల మీద తేదీలు ఉన్నాయి. ముసాయిదాలో లేవు.

హాస్టల్ ఫారాలన్నీ ఇంటర్నల్ పరీక్షల ముందు వారంలో, రాత్రి స్టడీ అవర్‌లో నింపినవి. డే స్కాలర్ల ఫారాలు పరీక్షలైపోయిన పది రోజులకు, మధ్యాహ్నం బస్సు కోసం ఎదురుచూస్తుండగా తీసుకున్నవి. కారణం చాలా మామూలుది. హాస్టల్ పిల్లలు ఎప్పుడూ అందుబాటులో ఉంటారు, డే స్కాలర్లు చివరి పీరియడ్ అవుతూనే బస్టాండుకు పరుగెత్తుతారు. కాబట్టి వీళ్ల ఫారాలు వాయిదా పడుతూ వచ్చాయి.

స్కేలు గడిచిన నెల గురించి అడుగుతుంది కాబట్టి రెండు గుంపుల "గడిచిన నెల" వేర్వేరు నెలలు. నాలుగు మార్కుల తేడా హాస్టల్ వల్లనా, ముందున్న పరీక్షల వల్లనా, రాత్రి పది గంటలప్పటి అలసట వల్లనా? గుంపు, తేదీ, వేళ మూడూ కలిసే మారాయి. ఒకదాన్ని కదలకుండా పట్టుకుని ఇంకొకదాన్ని చూసే వీలు ఆ కాగితాల్లో లేదు. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ నొక్కినా వాటిని విడదీయలేం. ఎన్‌కోవా (ఇంకో కారణం ప్రభావాన్ని లెక్కలో సర్దుబాటు చేసి గుంపులను పోల్చే పద్ధతి) వేద్దామన్న సలహా కూడా వచ్చింది. హాస్టల్ పిల్లల్లో ఒక్కరు కూడా పరీక్షల తర్వాత నింపలేదు, డే స్కాలర్లలో ఒక్కరు కూడా ముందు నింపలేదు. సర్దుబాటు చేయడానికి పోలిక ఎక్కడ ఉంది?

తేదీలు ఒకటే అయినా ఇంకో హద్దు ఉండేది. ఎవరు హాస్టల్లో ఉండాలన్నది చీటీ వేసి తేల్చింది కాదు. ఊరు దూరమైనవాళ్లు, బస్సు లేని పల్లె వాళ్లు, ఇంట్లో చదువుకునే చోటు లేనివాళ్లు హాస్టల్లో చేరతారు. కాబట్టి "హాస్టల్ జీవితం ఒత్తిడి పెంచుతుంది" అన్న వాక్యం ఈ డిజైన్‌తో ఎప్పటికీ రాయలేం. "హాస్టల్లో ఉన్నవాళ్ల సగటు ఇంత" అన్నంత వరకే.

దిద్దిన రిపోర్టులో

ఫలితాల పేరా ఇలా మారింది: "పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్ మీద హాస్టల్ విద్యార్థుల సగటు 22.0 (విచలనం 3.94), డే స్కాలర్ల సగటు 18.0 (విచలనం 3.71), గుంపుకు 10 మంది. వెల్చ్ టీ(17.9) = 2.34, పీ = 0.031. సగటుల తేడా 4.0, 95 శాతం అవధి 0.4 నుంచి 7.6. సవరించిన ఎఫెక్ట్ సైజు 1.00. మాన్–విట్నీ యూ = 24.5, 0.05 స్థాయిని దాటలేదు. ఈ శాంపిల్‌లో ఆల్ఫా 0.76. రెండు గుంపుల ఫారాలు పరీక్షలకు వేర్వేరు వైపుల తీసుకున్నందున ఈ తేడాను నివాసానికి ఆపాదించలేం."

పరిమితుల్లో 22 సంగతి, తిరగేయడం సంగతి రాయాలా అన్న సందేహం వచ్చింది. దిద్దిన తప్పును పరిమితి అనక్కర్లేదు. కానీ డేటా శుభ్రం చేసిన తీరు అన్న శీర్షిక కింద "ఒక గడిలో 22ను మూల కాగితం చూసి 2గా దిద్దాం" అని ఒక వాక్యం ఉండాలి. విలువ దిద్దిన ప్రతిసారీ దేన్ని చూసి దిద్దామో చెప్పాలి. కాగితం చూడకుండా "ఎక్కువగా ఉంది కాబట్టి తీసేశాం" అంటే అది శుభ్రం చేయడం కాదు.

మళ్లీ సేకరించేటప్పుడు గుంపుకు ఎంతమంది కావాలి? మధ్యస్థమైన తేడాను (డీ 0.5) పట్టుకోవాలంటే, 0.05 స్థాయిలో, 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే నూటికి 80 సార్లు పట్టుకునేలా), గుంపుకు 64 మంది. పెద్ద తేడా (0.8) చాలనుకుంటే 26 మంది. ఈ మొదటి 20 మందిలో వచ్చిన 1.00ను నమ్మి 17 మందితో సరిపెట్టుకోవడం పొరపాటు. అది జల్లెడ పైన మిగిలిన గింజ. విద్యార్థిని 64కు ఒప్పుకుంది, చెడిపోయే ఫారాల కోసం గుంపుకు 70 జిరాక్సులు తీయించింది. రెండు గుంపులకూ ఒకే వారం, పరీక్షలకు కనీసం మూడు వారాల ఎడం, రెండో పీరియడ్ క్లాసులోనే. అప్పుడు హాస్టల్, డే స్కాలర్లు పక్కపక్క బెంచీల్లోనే ఉంటారు, బస్టాండుకు ఎవరూ పరుగెత్తరు. ఫారం పైన తేదీకీ, వేళకూ, వరుస సంఖ్యకూ మూడు గడులు కొత్తగా చేర్చారు.